లేవని కంప్యూటర్‌ను లేపేదెవరు?



ఇంటర్ ఫలితాలు వెలువడి పిల్లలు పై చదువులకు బయలుదేరే రోజులు రాగానే మాకు అందే ఉత్తరాలలో ఒక ప్రశ్న తప్పక ఉంటుంది. "అబ్బాయికి కంప్యూటర్ కొనదలచాము. విండోస్ మేలా, మ్యాక్ మేలా, లినక్స్ మేలా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. అంగడిలో దీనికి దొరికే జవాబులు ధర, వేగం, అందం చుట్టూనే తిరుగుతాయి. ఇవి కొన్న రోజున కనిపించే గుణాలు. కంప్యూటర్ అసలు గుణం బయటపడే రోజు వేరే ఉంది. ఒక ఉదయం మీట నొక్కితే తెర నల్లగానో నీలంగానో నిలిచిపోయి, మనకు అర్థం కాని నాలుగు మాటలు చూపే రోజు అది. ఆ రోజున ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మనకు ఎంతవరకు ఆసరాగా నిలుస్తుంది? ఈ నెల ఈ ఒక్క కొలబద్దతోనే మూడింటినీ పోల్చి చూద్దాం.

ఇది నిపుణులు మాత్రమే చర్చించుకోవలసిన విషయం కాదు. ఒకప్పుడు ఇనప్పెట్టె చేసిన పనిని నేడు మన ఇళ్లలో కంప్యూటర్ చేస్తోంది. పొలం దస్తావేజుల నకళ్లు, నికాహ్‌నామా ప్రతి, పిల్లల మార్కుల పత్రాలు, గల్ఫ్‌లో ఉన్న కుమారుని వీసా కాగితాలు, గతించిన పెద్దల ఫొటోలు అన్నీ అందులోనే ఉంటున్నాయి. ఇనప్పెట్టె తాళంచెవి పోతే పగలగొట్టి తీయించవచ్చు. కంప్యూటర్ విషయంలో ఆ వీలు అన్నివేళలా ఉండదు.

ఆపదలు మూడు రకాలు

పోలికకు ముందు ఒక విభజన అవసరం. మొదటి రకం ఆపదలో కంప్యూటర్‌ను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రమే చెడుతుంది. మన ఫైళ్లు లోపల భద్రంగానే ఉంటాయి. రెండవ రకంలో యంత్రం చక్కగా నడుస్తూనే ఉంటుంది. కానీ ఫైళ్లు పొరపాటున చెరిగిపోతాయి, లేదా ఏదో వైరస్ వాటికి తాళం వేస్తుంది. మూడవ రకంలో డిస్కే చచ్చిపోతుంది, లేదా యంత్రాన్ని దొంగ ఎత్తుకుపోతాడు.

కంపెనీలు గొప్పగా చెప్పుకునే రికవరీ సదుపాయాలలో అధిక భాగం మొదటి ఆపద కోసం ఏర్పడినవే. కుటుంబాలు కన్నీరు పెట్టుకునేది మాత్రం రెండవ, మూడవ ఆపదల వద్ద. ఈ భేదం తెలియకనే చాలామంది "రికవరీ ఉంది కదా" అని నిశ్చింతగా ఉంటారు. సిస్టమ్ తిరిగి రావడం వేరు, మన సమాచారం తిరిగి రావడం వేరు. ఈ మాటను మనసులో ఉంచుకుని ముందుకు సాగుదాం.

విండోస్

మన ప్రాంతంలో అధిక సంఖ్యాకుల ఇళ్లలో ఉన్నది మైక్రోసాఫ్ట్ వారి విండోస్. దీనిలో రికవరీ సాధనాలు అనేకం ఉన్నాయి. సిస్టమ్ రిస్టోర్ అనే సదుపాయం 2000 నాటి విండోస్ మిలీనియం నుంచి ఉంది. ఇది ఫలానా తేదీన సిస్టమ్ ఎలా ఉన్నదో గుర్తుపెట్టుకుని, అవసరమైనప్పుడు ఆ స్థితికి తిరిగి తీసుకుపోతుంది. అయితే ఇది సిస్టమ్ అమరికలను మాత్రమే వెనక్కి తిప్పుతుంది. చెరిగిపోయిన ఫొటోను తెచ్చి ఇవ్వదు. పైగా చాలా యంత్రాలలో ఇది ఆపివేసి ఉంటుంది. మనమే వెదికి ఆన్ చేసుకోవాలి.

యంత్రం వరుసగా కొన్నిసార్లు లేవలేకపోతే విండోస్ తనంతట తానే రికవరీ తెరను చూపుతుంది. అక్కడ స్టార్టప్ రిపేర్, సేఫ్ మోడ్ వంటివి ఉంటాయి. వీటితో పని జరగకపోతే "రీసెట్ దిస్ పీసీ" అనే మార్గం ఉంది. 2012లో విండోస్ 8తో వచ్చిన ఈ ఏర్పాటు నేడు రెండు దారులు చూపుతుంది: ఫైళ్లను ఉంచి సిస్టమ్‌ను కొత్తగా వేయడం, లేదా సర్వం తుడిచి వేయడం. మొదటి దారిలో కూడా మనం వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి. రెండవ దారిలో ఏమీ మిగలదు. కంగారులో ఉన్నవారు ఈ రెండు వాక్యాల మధ్య తేడా గమనించకుండా నొక్కడం వల్ల జరిగే నష్టం ఇంతింత కాదు. ఆ తెర ముందు తొందర పనికిరాదు.

విండోస్‌కు ఉన్న పెద్ద బలం తోడు దొరకడం. మండల కేంద్రంలో సైతం దీనిని బాగుచేసేవారు ఉంటారు. దీని బలహీనత కూడా అక్కడే ఉంది. చాలా దుకాణాలలో బాగుచేయడమంటే డిస్కును తుడిచి, లైసెన్సు లేని విండోస్‌ను వేసి ఇవ్వడమే. ఆ క్రమంలో తయారీదారు డిస్కులో ఉంచిన రికవరీ భాగం కూడా తుడిచిపెట్టుకుపోవచ్చు. ఇతరుల సొత్తును అనుమతి లేకుండా వాడడం ధర్మం కాదన్నది ఒక విషయం. అటువంటి ప్రతికి నమ్మదగిన నవీకరణలు, కంపెనీ సహాయం దక్కవన్నది మరో విషయం. అసలు విండోస్ 10కు సైతం సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిందని ఆ యంత్రాలు వాడేవారు గమనించాలి.

ఒక్క ఫైలు, 85 లక్షల యంత్రాలు

2024 జూలై 19న జరిగిన ఉదంతం ఈ చర్చకు మంచి ఉదాహరణ. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేర్‌కు పంపిన ఒక లోపభూయిష్టమైన నవీకరణ వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. విమానాలు నిలిచిపోయాయి; ఆసుపత్రులు, బ్యాంకులు ఇబ్బంది పడ్డాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగ్ పాసులు ఇవ్వవలసి వచ్చింది. ఆ నవీకరణ అందని మ్యాక్, లినక్స్ యంత్రాలు మామూలుగానే నడిచాయి.

ఇందులో గమనించవలసినది ఒకటుంది. సంస్థ తన తప్పును 78 నిమిషాలలోనే సరిదిద్దుకుంది. కానీ అప్పటికే పడిపోయిన యంత్రం లేవలేదు కనుక సరిచేసిన నవీకరణను అందుకోలేకపోయింది. ఎన్నో చోట్ల మనిషి స్వయంగా వెళ్లి, యంత్రాన్ని సేఫ్ మోడ్‌లో లేపి, ఆ ఒక్క ఫైలును తొలగించవలసి వచ్చింది. డిస్కుకు తాళం ఉన్న చోట 48 అంకెల రికవరీ కీ కావలసి వచ్చింది. ఆ కీ ఎక్కడ దాచారో వెదకడానికే కొన్నిచోట్ల గంటలు పట్టింది. ఈ అనుభవం తర్వాత, లేవలేని యంత్రం కూడా ఇంటర్నెట్ ద్వారా మరమ్మతును అందుకునేలా "క్విక్ మెషిన్ రికవరీ" అనే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ విండోస్ 11లో చేర్చింది. పెద్ద సంస్థలకే ఇంత అవస్థ కలిగినప్పుడు, ముందుచూపు లేని ఇంటి పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు.

మ్యాక్

యాపిల్ సంస్థ యంత్రాన్ని, ఆపరేటింగ్ సిస్టమ్‌ను రెండింటినీ తానే తయారు చేస్తుంది. అందువల్ల దీని రికవరీ మార్గం సూటిగా ఉంటుంది. 2011లో వచ్చిన లయన్ నుంచి ప్రతి మ్యాక్‌లోనూ రికవరీ భాగం విడిగా ఉంటోంది. పాత ఇంటెల్ మ్యాక్‌లలో కమాండ్, ఆర్ మీటలను కలిపి నొక్కి ఉంచాలి. 2020 చివర నుంచి వస్తున్న యాపిల్ చిప్ యంత్రాలలో పవర్ మీటను వదలకుండా నొక్కి ఉంచితే చాలు. అక్కడి నుంచి డిస్కును పరీక్షించవచ్చు, ఇంటర్నెట్ ద్వారా సిస్టమ్‌ను మళ్లీ వేసుకోవచ్చు. తుడవమని మనం చెప్పనంతవరకు ఫైళ్ల జోలికి అది పోదు.

అయితే మ్యాక్‌కు మేము ఎక్కువ మార్కులు వేసేది ఇందుకు కాదు, టైమ్ మెషిన్‌కు. 2007 అక్టోబర్‌లో వచ్చిన ఈ సదుపాయం బయటి డిస్కును కలపగానే, దీనిని బ్యాకప్ కోసం వాడనా అని తానే అడుగుతుంది. ఒప్పుకుంటే చాలు. గడచిన 24 గంటలకు గంటకొక ప్రతి, గడచిన నెలకు రోజుకొక ప్రతి, అంతకు ముందు కాలానికి వారానికొక ప్రతి చొప్పున, డిస్కులో చోటు ఉన్నంతవరకు దాచిపెడుతుంది. అంటే ఇది పైన చెప్పిన రెండవ, మూడవ ఆపదలకు కూడా జవాబు చెబుతుంది. విండోస్‌లో ఫైల్ హిస్టరీ అనే పేరుతో ఇటువంటి ఏర్పాటు 2012 నుంచి ఉన్నా, వెదికి అమర్చుకున్నవారు మన చుట్టూ అరుదు. సదుపాయం ఉండడం కన్నా అది కంటికి కనిపించడం ముఖ్యమని దీనివల్ల తెలుస్తోంది.

మ్యాక్‌కు ఉన్న లోపం మూడవ ఆపదలో బయటపడుతుంది. యాపిల్ చిప్ యంత్రాలలో నిల్వ చేసిన సమాచారమంతా ఆ చిప్‌లోని రహస్య తాళంతో ముడిపడి ఉంటుంది. పాత కంప్యూటర్‌లో వలె డిస్కును విప్పి వేరొక యంత్రానికి తగిలించి ఫైళ్లు తీసుకోవడం ఇక్కడ కుదరదు. ప్రధాన బోర్డు కాలిపోతే, బయట బ్యాకప్ లేనివారికి దాదాపు దారి లేదు. దొంగ నుంచి కాపాడే గోడే యజమానికీ అడ్డు నిలుస్తుంది. కనుక బయటి డిస్కు కొనే స్థోమత లేకుండా మ్యాక్ కొనడం సగం కొనడమే. మరమ్మతు ఖర్చు, సేవా కేంద్రం ఎంత దూరంలో ఉందన్నది కూడా ముందే విచారించుకోవాలి.

లినక్స్

ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన లినక్స్‌కు యజమాని అంటూ ఒక కంపెనీ లేదు. ఉబుంటు, మింట్, ఫెడోరా వంటి అనేక రూపాలలో ఇది ఉచితంగా దొరుకుతుంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ దీనికి తెలుగు రూపం కూడా తెచ్చింది.

లినక్స్‌లో రికవరీ అనేది ఒక ప్రత్యేక గది కాదు; ఇల్లంతా దానికి అనువుగానే ఉంటుంది. కొత్త నవీకరణ తర్వాత యంత్రం లేవకపోతే, ప్రారంభపు జాబితాలో పాత కెర్నెల్ అలాగే ఉంటుంది. దానిని ఎంచుకుని లేపవచ్చు. మింట్‌లో టైమ్‌షిఫ్ట్ అనే సాధనం సిస్టమ్ స్థితిని రోజూ దాచిపెట్టేలా అమర్చుకోవచ్చు. ఓపెన్‌సూసే వంటి వాటిలో ప్రతి మార్పుకు ముందు ఒక ప్రతి తీసి, లేచే సమయంలోనే వెనకటి స్థితిని ఎంచుకునే వీలుంది. అయితే టైమ్‌షిఫ్ట్ కూడా మామూలు అమరికలో మన సొంత ఫైళ్లను దాచదు. అది సిస్టమ్ రిస్టోర్‌కు తోబుట్టువే తప్ప టైమ్ మెషిన్‌కు సాటి కాదు.

లినక్స్ అందరికీ చేయగల గొప్ప మేలు మరొకటుంది. దీనిని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, చాలా కంప్యూటర్లను వాటి డిస్కును ముట్టకుండానే ఆ పెన్‌డ్రైవ్ నుంచి నడిపించవచ్చు. విండోస్ పడిపోయిన ల్యాప్‌టాప్‌ను ఇలా లేపి, తాళం వేయని డిస్కులోని ఫైళ్లను వేరే చోటికి తీసుకోవచ్చు. అందుచేత ఇంట్లో ఏ సిస్టమ్ ఉన్నా ఒక లినక్స్ పెన్‌డ్రైవ్ బీరువాలో ఉండటం మంచిది.

దీని లోటు మానవ సహాయం. ఫోన్ చేసి అడిగేందుకు ఒక కార్యాలయం ఉండదు. ప్రపంచమంతటా వాడుకరులు రాసిపెట్టిన జవాబులను చదివి, అర్థం చేసుకుని ఆచరించాలి. నేర్చుకునే పిల్లలు ఉన్న ఇంటికి ఇది వరం. కంప్యూటర్‌ను పొయ్యివలె వాడుకుని ఊరుకునే ఇంటికి, పక్కన తెలిసినవారు లేకపోతే, ఇది భారం.

తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

మూడు సిస్టమ్‌లకూ ఉమ్మడిగా ఉన్న ప్రశ్న ఇది. విండోస్‌లో బిట్‌లాకర్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్, లినక్స్‌లో లక్స్ అనే పేర్లతో డిస్కు మొత్తానికి తాళం వేసే ఏర్పాటు ఉంది. ల్యాప్‌టాప్ పోయినా దొంగ మన కాగితాలు చదవలేకపోవడం దీని ప్రయోజనం. కొత్త విండోస్ 11 యంత్రాలలో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రారంభించినప్పుడు, ఈ తాళం అనేకసార్లు దానంతట అదే పడిపోతుంది. దాని కీ ఆ ఖాతాలో భద్రమవుతుంది. ఖాతా ఎవరిదో వారి చేతిలోనే తాళంచెవి ఉన్నట్లు లెక్క.

మాకు తెలిసిన ఒక కుటుంబంలో ఇంటి పెద్ద హఠాత్తుగా పరమపదించారు. చిన్న వ్యాపారం చేసిన ఆయన, తాను ఎవరికి ఎంత బాకీ ఉన్నదీ, తనకు ఎవరు ఇవ్వవలసినదీ ల్యాప్‌టాప్‌లోనే రాసుకునేవారు. మృతుని అప్పులు తీర్చిన తర్వాతే ఆస్తి పంపకం జరగాలన్నది మన పాఠకులకు తెలిసినదే. కుమారులు యంత్రాన్ని మరమ్మతుకు ఇచ్చారు. బోర్డు మార్చగానే అది రికవరీ కీ అడిగింది. విచారిస్తే, కొన్న రోజున దుకాణంలోని కుర్రవాడు తొందరలో ఏదో ఒక ఈమెయిల్‌తో ఖాతా తెరిచి ఇచ్చాడని తేలింది. ఆ ఈమెయిల్ ఏమిటో అతనికే గుర్తులేదు. అబ్బాజాన్ చేతి లెక్క కళ్లెదుటే ఉండి కూడా అందలేదు. చివరకు కుమారులు ఒక్కొక్క వ్యాపారి వద్దకు వెళ్లి, వారి మాట మీద లెక్క కట్టి బాకీలు తీర్చారు. కంప్యూటర్ చెడిపోవడం అక్కడ పెద్ద విషయం కాదు. తాళంచెవి పరాయి చేతిలో ఉండిపోవడమే అసలు విషయం.

చెరిగిన ఫైలు తిరిగి వస్తుందా?

పాత హార్డ్‌డిస్కులో ఒక ఫైలును తొలగిస్తే అది వెంటనే మాసిపోయేది కాదు. పట్టికలో దాని పేరు కొట్టివేసి, ఆ చోటు ఖాళీ అని రాసుకోవడమే జరిగేది. కొత్తది వచ్చి ఆ చోటును ఆక్రమించేవరకు పాతదానిని ఫొటోరెక్ వంటి సాధనాలతో వెలికితీసే అవకాశం ఉండేది. నేటి ల్యాప్‌టాప్‌లలోని ఎస్‌ఎస్‌డీలు అలా కాదు. ట్రిమ్ అనే ఆదేశం వల్ల ఖాళీ అయిన చోటును డిస్కు తానే త్వరగా శుభ్రం చేసుకుంటుంది. వేగం పెరిగింది, వెనక్కి తెచ్చే ఆశ తగ్గింది. విలువైనది పొరపాటున చెరిగితే మొదట చెత్తబుట్టలో చూడండి. అక్కడ లేకపోతే ఆ యంత్రాన్ని వాడటం వెంటనే ఆపండి. పోయిన ఫైలు కోసం రికవరీ ప్రోగ్రామును అదే డిస్కులో ఎక్కించడం, ఉన్న ఆశను కూడా చేజేతులా పాడుచేసుకోవడమే.

డబ్బు కోసం ఫైళ్లకు తాళం వేసే వైరస్‌ల సంగతి కూడా ఇంతే. 2017 మే నెలలో వన్నాక్రై వ్యాపించినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఇటువంటి వైరస్‌లు విండోస్ లోపల దాచుకున్న పాత ప్రతులను ముందుగా తుడిచివేస్తాయి. యంత్రానికి తగిలించి ఉంచిన డిస్కును కూడా వదలవు. బ్యాకప్ పూర్తికాగానే డిస్కును విప్పి పక్కన పెట్టాలనడం ఇందుకే.

వన్‌డ్రైవ్, ఐక్లౌడ్, గూగుల్ డ్రైవ్ వంటివి ఉన్నాయి కదా అని కొందరు అంటారు. అవి ఉపయోగకరమే. కానీ ఒక చోట తొలగిస్తే అన్ని చోట్లా తొలగిపోవడం వాటి స్వభావం. కొంత గడువు వరకే అవి చెత్తబుట్టలో ఉంటాయి. ఉచితంగా ఇచ్చే చోటు కూడా మొదటి రెండింటిలో 5 జీబీ, గూగుల్‌లో 15 జీబీ మాత్రమే. పెళ్లి వీడియో ఒక్కటే దానిని నింపివేయగలదు.

ఇంతకూ ఏది కొనాలి?

దగ్గరలో నమ్మకమైన మరమ్మతుదారు ఉండి, చదువులోని ప్రోగ్రాములు విండోస్‌నే కోరితే లైసెన్సు గల విండోస్ తీసుకోండి. ఖాతా మాత్రం మీ ఈమెయిల్‌తో, మీ కళ్లెదుటే తెరిపించండి. స్థోమత ఉండి, ఎక్కువ చిక్కులు లేకుండా బ్యాకప్ జరిగిపోవాలనుకుంటే మ్యాక్, దానితో పాటు బయటి డిస్కు తీసుకోండి. విండోస్ 11 ఎక్కని పాత యంత్రం ఇంట్లో ఉంటే దానిని పారవేయక లినక్స్ మింట్ వేసి పిల్లలకు ఇవ్వండి. వీటిలో ఏదీ చెడ్డది కాదు. అయితే బ్యాకప్ లేని మ్యాక్ కన్నా, బ్యాకప్ ఉన్న పదేళ్ల పాత విండోస్ యంత్రమే మీ కాగితాలకు క్షేమకరం.

ఈ శుక్రవారం లోపు నాలుగు పనులు చేయవలసిందిగా పాఠకులను కోరుతున్నాము. ఒకటి, మీ యంత్రపు రికవరీ కీని కనుగొని, కాగితం మీద రాసి, ఇంటి దస్తావేజులతో పాటు ఉంచండి. ఆ చోటు ఇంట్లో మరొకరికి తెలియాలి. రెండు, యంత్రం ఆరోగ్యంగా ఉన్నప్పుడే రికవరీ పెన్‌డ్రైవ్ తయారు చేసుకోండి. పడిపోయిన తర్వాత దానికోసం పక్కింటి కంప్యూటర్‌ను అర్థించవలసి వస్తుంది. మూడు, ముఖ్యమైన ఫైళ్లకు మొత్తం మూడు ప్రతులు, రెండు వేర్వేరు సాధనాలలో, వాటిలో ఒకటి ఇంటి బయట ఉండేలా చూడండి. పీటర్ క్రోగ్ అనే అమెరికా ఛాయాగ్రాహకుడు ప్రచారంలోకి తెచ్చిన ఈ సూత్రాన్ని నేడు నిపుణులందరూ అంగీకరిస్తున్నారు. ఇంటి బయటి ప్రతి అక్కగారింట్లోని డిస్కు అయినా సరే. నాలుగు, ఆ బ్యాకప్ నుంచి ఒక్క ఫైలునైనా తిరిగి తీసి తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నదో లేదో ఎవరికీ తెలియదు.

ఈ నాలుగింటికీ పట్టేది ఒక పూట. పిల్లలనూ పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. రేపు మన తర్వాత ఆ కాగితాలు వెదికేది వారే.